కొన్న డొమైన్ దొంగ సొత్తని తేలితే: ఏ దారి ఎవరికి?

పోయినేడాది ఒక రాత్రి పదిన్నరకి మా తమ్ముడి స్నేహితుడు ఫోన్ చేశాడు. మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. "అన్నా, ఒక మెయిల్ పంపాను, చూడు. మన డొమైన్ వాళ్లదంట." నాలుగు నెలల కిందట లక్షా ఎనభై వేలు పెట్టి కొన్న డాట్ కామ్ వెబ్‌సైట్ పేరు అది. కార్డుల మీద, సంచుల మీద, పార్సిల్ డబ్బాల మీద ఆ పేరే అచ్చేయించాడు.

మెయిల్ రాసింది కెనడాలో ఉండే ఒక పెద్దాయన. 17 ఏళ్లుగా తన చిన్న వ్యాపారం ఆ పేరు మీదే నడిచిందనీ, ఒక రోజు మెయిల్స్ రావడం ఆగిపోతే చూసుకున్నాననీ, అప్పటికే పేరు తన ఖాతాలో లేదనీ రాశారు. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. "మీరు డబ్బిచ్చే కొని ఉంటారు, నాకు తెలుసు" అన్న వాక్యం దగ్గర మావాడి గొంతు పూడుకుపోయింది.

నేను వెబ్‌సైట్ల పని చేస్తాను కాబట్టి ఇలాంటి టెన్షన్‌లో ఉన్నవాళ్లని ఇంతకు ముందూ చూశాను. మొదటి గంటలో అందరికీ వచ్చే ఆలోచనలు రెండే. మెయిల్ చూడనట్టు ఊరుకోవడం ఒకటి, ఎవరికో ఒకరికి గబగబా అమ్మేయడం ఇంకొకటి. రెండోది దయచేసి చేయకండి. తెలియక కొనడం నేరం కాదు. తెలిశాక దగ్గర పెట్టుకోవడం, చేతులు మార్చడం వేరే సంగతి. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ దగ్గర పెట్టుకునేవాళ్ల మీద భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్ ఉంది. ఆ మెయిల్ చదివిన నిమిషం నుంచి "నాకు తెలియదు" అనే మాట మీకు అక్కరకు రాదు.

## ముందు తేల్చుకోవాల్సింది: పేరు ఆయన చేయి ఎలా జారింది?

ఏ దారి పట్టాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పేరు పోవడానికి మూడు తీర్లున్నాయి. ఒకటి, ఖాతాలోకి చొరబడి ఎత్తుకుపోవడం. రెండు, మాయమాటలు నమ్మి యజమానే దాన్ని అప్పగించడం. మూడు, గడువు ముగిసినా రెన్యూవల్ కట్టకుండా వదిలేయడం.

మూడోదైతే మీరు నిశ్చింతగా ఉండొచ్చు. డాట్ కామ్ లాంటి పేర్లకి గడువు ముగిశాక 45 రోజుల దాకా రెన్యూవల్‌కి వ్యవధి ఉండొచ్చు. రద్దు చేశాక కూడా వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజుల రిడెంప్షన్ గడువు, ఆ తర్వాత తుడిచేసే ముందు మరో 5 రోజులు ఉంటాయి. ఇవన్నీ దాటి వదిలేసిన పేరుని మీరు వేలంలో కొనుక్కుంటే అది దొంగతనం కాదు. తన పొరపాటుకి బాధపడుతున్న పాత యజమాని మీకు ఘాటుగా రాసినా హక్కు మీదే. అయితే ఆ పేరు మీద ఆయనకి ట్రేడ్‌మార్క్ ఉంటే ఆ లెక్క వేరు.

మొదటి రెండింటి మధ్య తేడాయే కోర్టుల్లో నలుగుతుంది. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 27వ సెక్షన్ చెప్పేది సూటిగా ఇది: తనది కానిదాన్ని అమ్మినవాడి దగ్గర కొన్నవాడికి అంతకంటే మెరుగైన హక్కు రాదు. 29వ సెక్షన్ మాత్రం మోసంతో కుదిరిన ఒప్పందం ఇంకా రద్దు కాకముందే మంచి నమ్మకంతో కొన్నవాడిని కాపాడుతుంది. ఆ చట్టం డొమైన్లని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు, కానీ వాదన ఈ తేడా చుట్టూ తిరిగే అవకాశమే ఎక్కువ.

అమెరికాలో సరిగ్గా ఈ మాటే ఆర్ఎల్ డాట్ కామ్ కేసులో వచ్చింది. ఆ పేరుకి యజమాని ఇచ్చిన కాంటాక్ట్ మెయిల్ ఆయనదే అయిన ఇంకో డొమైన్ మీద ఉండేది. ఆ రెండో డొమైన్ గడువు ముగిసింది. వేరొకరు దాన్ని రిజిస్టర్ చేసుకుని, ఆ మెయిల్ చేతిలోకి తెచ్చుకుని, ఆర్ఎల్ డాట్ కామ్‌ని తమ పేరు మీదకి మార్చుకున్నారు. చివరికి దాన్ని 15,000 డాలర్లు పెట్టి కొన్న మనిషికి ఈ కథేమీ తెలియదు. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కాలిఫోర్నియా చట్టాన్ని ఇలా వివరించింది: దొంగతనమైతే అమాయకంగా కొన్నవాడికీ హక్కు రాదు, మోసంతో రాబట్టినదైతే రావచ్చు. ఏది జరిగిందో తేల్చమని కేసుని కింది కోర్టుకి పంపింది.

## ఆయన చెప్పేది నిజమేనా?

అవతలివాళ్లు రాసినంత మాత్రాన నిజమైపోదు. మంచి పేరుని ఉచితంగా లాగేసుకుందామని అబద్ధం రాసేవాళ్లూ ఉంటారు. మేము ఆ రాత్రి డొమైన్ పాత రిజిస్ట్రేషన్ వివరాలు భద్రపరిచే ఒక సేవకి డబ్బు కట్టి, 17 ఏళ్ల రికార్డు వరసగా తీశాం. అందులో పేరు, ఊరు, ఫోన్ నంబరు ఎక్కడా మారలేదు. అమ్మకానికి రెండు నెలల ముందు మాత్రం ఒక్క మెయిల్ ఐడీ మారింది. అదీ చివర్లో ఒక అక్షరం అదనం, అంతే. మామూలుగా చూస్తే ఎవరి కంటికీ ఆనదు. ఆ వరస చూశాక మాకు ఇంకే సందేహమూ మిగల్లేదు.

2018 మే తర్వాత యూరప్ గోప్యతా నియమాల వల్ల యజమాని వివరాలు చాలావరకు దాచేస్తున్నారు కాబట్టి ఈ పరిశీలన ఇప్పుడు కష్టమైంది. రికార్డు దొరక్కపోతే ఆయన్నే అడగండి: పాత రెన్యూవల్ రసీదులు, తన రిజిస్ట్రార్‌కి (పేరు రిజిస్టర్ చేసి ఇచ్చిన కంపెనీకి) ఇచ్చిన ఫిర్యాదు నంబరు, పోలీసు ఫిర్యాదు కాపీ. నిజమైన యజమాని వీటిని ఒకటి రెండు రోజుల్లో పంపగలడు. పాత వెబ్ పేజీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ సైటు పాత పేజీలు చూసి, అందులోని చిరునామాని ఆయన చెప్పేదాంతో పోల్చండి.

"నిన్నటిదాకా సైటు బాగానే నడిచింది కదా" అన్నది మాత్రం రుజువు కాదు. పర్ల్ ప్రోగ్రామింగ్ భాష వాళ్ల పర్ల్ డాట్ కామ్ దొంగతనం 2021 జనవరి చివర్లో బయటపడింది. కానీ ఖాతా చేయి దాటింది 2020 సెప్టెంబరులోనే. డిసెంబరులో పేరుని వేరే రిజిస్ట్రార్‌కి తరలించినా నేమ్‌సర్వర్లని (పేరు టైప్ చేస్తే ఏ సైటు తెరవాలో చెప్పే సెట్టింగ్) ముట్టుకోలేదు, అందుకే సైటు మామూలుగానే తెరుచుకుంది. జనవరిలో ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చాక లక్షా తొంభై వేల డాలర్లకి అమ్మకానికి పెట్టారు. బదిలీ అయ్యాక 60 రోజులు మళ్లీ మార్చకుండా ఆపే లాక్ ఇలాంటి ఓపికమంతుడైన దొంగని ఆపలేదు. కొద్ది నెలల్లోనే రెండు రిజిస్ట్రార్లు మారిన పేరంటే అనుమానించాల్సిందే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నా లెక్కలో నాలుగు ప్రశ్నలు చాలు. మీ వ్యాపారం, మెయిల్ ఆ పేరు మీద ఎంతగా ఆధారపడి ఉన్నాయి? పెట్టిన డబ్బు ఎవరి దగ్గర ఉంది, ఎస్క్రోలోనా (పేరు చేతికొచ్చేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి), మార్కెట్‌ప్లేస్ దగ్గరా, అమ్మినవాడి జేబులోనా? పేరు ఏ ఎక్స్‌టెన్షన్‌ది, డాట్ కామా, డాట్ ఇన్నా? ఇక నాలుగోది, మీరు నిజాయితీగా కొన్నారని చూపే కాగితాలున్నాయా?

| దారి | పట్టే సమయం | ఖర్చు | పేరు మీ దగ్గర ఉంటుందా | డబ్బు వస్తుందా |
|---|---|---|---|---|
| యజమానితో రాతపూర్వక ఒప్పందం | రోజుల నుంచి వారాలు | తక్కువ | సాధారణంగా ఉండదు. ఆయన అమ్మితే ఉంటుంది | అమ్మినవాడి నుంచి విడిగా రాబట్టుకోవాలి |
| రిజిస్ట్రార్ల ద్వారా | వారాలు | దాదాపు లేదు | లాక్ పడుతుంది, తర్వాత పోవచ్చు | రాదు |
| యూడీఆర్‌పీ, ఐఎన్‌డీఆర్‌పీ (డొమైన్ గొడవలు కోర్టు బయట తేల్చే విధానాలు) | సుమారు 2 నెలలు | ఫీజు ఫిర్యాదీది, వకీలు ఖర్చు మీది | కేసుని బట్టి | రాదు |
| కోర్టు | ఏళ్లు పట్టొచ్చు | ఎక్కువ | కేసుని బట్టి | రావచ్చు |
| సైబర్ ఫిర్యాదు | చెప్పలేం | లేదు | దీనితో తేలదు | త్వరగా ఇస్తే ఆశ ఉంది |

చివరి వరసలోది మిగతా నాలుగింటికి ప్రత్యామ్నాయం కాదు. ఏ దారి పట్టినా దాని పక్కనే నడవాలి.

## యజమానితో ఒప్పందం

దొంగతనమని మీకు నమ్మకం కుదిరితే ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పేరు ఎలాగూ నిలవనప్పుడు, మీరే ముందుకొచ్చి ఇస్తున్నారన్న విలువ మీ చేతిలో ఉంటుంది. ఆ విలువతో కొన్ని అడగొచ్చు: రెండు మూడు నెలలు మీ కస్టమర్లని కొత్త సైటుకి మళ్లించడం, మీ మెయిల్స్ ఫార్వర్డ్ చేయడం, మీ మీద దావా వేయనని రాసివ్వడం. అన్నిటికంటే ముఖ్యం, మీరు తెలియక కొన్నారని తాను ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం. అమ్మినవాడి నుంచి డబ్బు రాబట్టేటప్పుడు, పోలీసుల దగ్గర కూర్చున్నప్పుడు ఆ వాక్యం మీకు కొండంత అండ.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెయిల్‌లో అడిగిన కొత్త ఖాతాకి పేరు పంపకండి. మొదట ఏ రిజిస్ట్రార్ నుంచి పోయిందో ఆ రిజిస్ట్రార్‌ని మధ్యలో పెట్టి, వాళ్లు యజమానిగా గుర్తించిన ఖాతాకే తిప్పి ఇవ్వండి. లేకపోతే ఒక దొంగ దగ్గర కొని ఇంకో దొంగకి ఇచ్చినవాళ్లవుతారు.

కొందరు యజమానులు ఆ పేరుని పెద్దగా వాడకపోవచ్చు, అమ్మడానికి ఇష్టపడొచ్చు. ఒకే పేరుకి రెండోసారి డబ్బు కట్టడం కడుపు మండే పనే. కానీ షాపు బోర్డుల దాకా ఆ పేరే రాయించేసినవాళ్లకి ఇది లెక్కేసి చూసుకోవాల్సిన దారి.

## రిజిస్ట్రార్ల ద్వారా

డొమైన్ పేర్ల వ్యవస్థని ప్రపంచమంతటా చూసుకునే సంస్థ ఐకాన్. దాని నియమాల్లో రెండు సాధనాలున్నాయి. ప్రతి రిజిస్ట్రార్‌కీ బదిలీల విషయంలో ఒక అత్యవసర కాంటాక్ట్ ఉండాలి, ఇంకో రిజిస్ట్రార్ అడిగితే 4 గంటల్లో మనిషి జవాబివ్వాలి. రెండోది బదిలీ వివాద పరిష్కార విధానం. బదిలీ జరిగిన 12 నెలల్లోపే వేయాలి, అదీ రిజిస్ట్రార్లు మాత్రమే వేయగలరు. కొన్న మీరు గానీ, పోగొట్టుకున్న ఆయన గానీ నేరుగా వేయలేరు.

అంటే ఇది ఎక్కువగా అసలు యజమానికి పనికొచ్చే దారి. మీ వైపు నుంచి చేయగలిగింది, మీ రిజిస్ట్రార్‌కి మీరే ముందు రాయడం. "ఇలా ఫిర్యాదు వచ్చింది, నేను డబ్బిచ్చి కొన్నాను, ఇవిగో రసీదులు, తేలేదాకా పేరుని లాక్ చేయండి." లాక్ చేయమని తానే అడిగినవాణ్ని దొంగతో జట్టు కట్టాడని అనడం కష్టం.

## యూడీఆర్‌పీ, ఐఎన్‌డీఆర్‌పీ

డొమైన్ గొడవ అనగానే చాలామంది చెప్పే పేరు యూడీఆర్‌పీ. 1999 నుంచి ఉంది. కానీ అది ట్రేడ్‌మార్క్ గొడవల కోసం పెట్టింది, దొంగతనాల కోసం కాదు. ఫిర్యాదీ మూడు విషయాలు రుజువు చేయాలి: పేరు తన మార్క్‌ని పోలి ఉందని, మీకు దాని మీద హక్కు గానీ న్యాయమైన ఆసక్తి గానీ లేదని, మీరు దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారని. మార్క్ లేని సాదా పేరైతే ఆయన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. నిజాయితీగా కొన్నవాళ్లకి మూడో మెట్టు బలం. దొంగిలించిన పేరని స్పష్టంగా కనిపిస్తే తిప్పి ఇప్పించిన ప్యానెళ్లు (తీర్పు చెప్పే నిపుణులు) ఉన్నాయి. ఇది యాజమాన్య తగాదా, కోర్టుకి వెళ్లండి అని పక్కన పెట్టినవీ ఉన్నాయి.

మీ మీద కేసు పడితే జవాబుకి 20 రోజులే. దయచేసి ఆ గడువు జారనివ్వకండి. ఈ కేసులు చూసే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర ఒక్క ప్యానెలిస్టుకి ఫీజు 1,500 డాలర్లు, అది ఫిర్యాదీ కడతారు. ముగ్గురు కావాలని మీరు అడిగితే 4,000లో సగం మీ మీద పడుతుంది. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే కోర్టులో దావా వేసి దాన్ని ఆపుకోవడానికి 10 పనిదినాలుంటాయి. ఇందులో పేరు బదిలీ లేదా రద్దు తప్ప ఎవరికీ రూపాయి ఇప్పించరు.

డాట్ ఇన్ పేర్లకి దీనికి సమానమైనది, ఆ పేర్ల నిర్వహణ చూసే మన సంస్థ నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ. ఇది 1996 నాటి మన మధ్యవర్తిత్వ చట్టం కింద సాగుతుంది కాబట్టి, అవార్డు (మధ్యవర్తి తీర్పు) మీద అభ్యంతరం ఉంటే అదే చట్టంలోని 34వ సెక్షన్ కింద కోర్టుకి వెళ్లొచ్చు.

## కోర్టు

పెద్ద విలువ ఉన్నప్పుడు, నిజానిజాలు నిజంగానే గందరగోళంగా ఉన్నప్పుడు ఈ దారి. సెక్స్ డాట్ కామ్ కేసు చూడండి. 1995లో ఒక ఫోర్జరీ ఉత్తరంతో పేరు చేతులు మారింది. తిరిగి యజమానికి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది 2000లో. మరుసటేడు ఆరున్నర కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చినా, ఎత్తుకుపోయినవాడు మెక్సికో పారిపోయి 2005లో గానీ దొరకలేదు. డొమైన్ పేరు కూడా ఆస్తేనని 2003లో అప్పీళ్ల కోర్టు చెప్పింది ఈ కేసులోనే. మన సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో, డొమైన్ పేరు వ్యాపారపు గుర్తింపేనని, ట్రేడ్‌మార్క్‌లకి వర్తించే పాసింగ్ ఆఫ్ (ఒకరి పేరుతో తమ సరుకు చెలామణీ చేయడం) సూత్రాలు దానికీ వర్తిస్తాయని తేల్చింది. మన హైదరాబాద్ సత్యం కుటుంబంలోని కంపెనీ వేసిన కేసది.

ఇండియాలో కూర్చున్నాం కదా, అమెరికా కోర్టు మనల్నేం చేస్తుందిలే అనుకోకండి. డాట్ కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే రిజిస్ట్రీ, వెరిసైన్ అనే కంపెనీ, వర్జీనియాలో ఉంది. అక్కడి ఫెడరల్ కోర్టులో మనిషి మీద కాకుండా పేరు మీదే దావా వేసే వీలుంది. మీరు వెళ్లకపోతే మీ వాదన లేకుండానే పేరు పోతుంది. ఇరవై ముప్పై వేలకి కొన్న పేరైతే అక్కడ వకీలుని పెట్టుకోవడం నేను వద్దంటాను.

## డబ్బు సంగతి

పేరు తర్వాత, డబ్బు ముందు. కట్టి కొద్ది రోజులే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపగలిగేది అప్పుడే. నెలలు గడిచినా ఫిర్యాదు ఇవ్వండి, అది మీ నిజాయితీకి తేదీ వేసిన సాక్ష్యం. ఐటీ చట్టంలో ఇతరుల పాస్‌వర్డ్ వాడటం మీద 66సీ, కంప్యూటర్ ద్వారా వేరే మనిషినని నమ్మించి మోసం చేయడం మీద 66డీ ఉన్నాయి. మీ స్టేషన్ పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా ఎఫ్ఐఆర్ రాయాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తుచేయండి.

దొంగ దొరకడని ముందే ఆశ వదులుకోకండి. 2006లో పోయిన పీ2పీ డాట్ కామ్‌ని ఈబేలో లక్షా పదకొండు వేల డాలర్లు పెట్టి కొన్నది అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మార్క్ మ్యాడ్సెన్. అది దొంగ సొత్తని ఆయనకీ తెలియదు. అమ్మినవాణ్ని న్యూజెర్సీలో 2009లో అరెస్టు చేశారు, 2011లో 5 ఏళ్ల శిక్ష పడింది.

కార్డుతో కడితే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి తిప్పించడం) అడగండి. మార్కెట్‌ప్లేస్‌లో కొంటే వాళ్ల నిబంధనల్లో యాజమాన్య హామీ గురించి ఏముందో చదివి రాతలో అడగండి. ఎస్క్రో ఉంది కదా అని ధీమా వద్దు. పేరు మీ ఖాతాలోకి వచ్చిందా లేదా అన్నదాన్నే అది చూస్తుంది, అమ్మినవాడిదేనా అన్నది తేల్చదు. స్వయం ఉపాధికి కొన్న చిన్న వ్యాపారులు వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరున్న ఊళ్లోనే, 2 ఏళ్లలోపు వేయాలి.

## మరి మీకు ఏది?

ఇంకా సైటు పెట్టలేదు, పెట్టుబడి కోసం కొన్నారంటే: ఒప్పందం చేసుకుని తిరిగిచ్చేయండి, శక్తంతా డబ్బు మీద పెట్టండి.

నడుస్తున్న వ్యాపారమైతే: ఈ రోజే ఇంకో డొమైన్ తీసుకుని మెయిల్ అక్కడికి మార్చడం మొదలుపెట్టండి. తర్వాత ఒప్పందం. గడువు అడగడానికి మొహమాటపడకండి.

క్లయింట్ కోసం కొనిపెట్టిన నాలాంటి వాళ్లయితే: క్లయింట్‌కి అదే రోజు చెప్పండి. దాచిన ప్రతి రోజూ తప్పు మన వైపు జరుగుతుంది.

గడువు ముగిసిన పేరుని వేలంలో కొన్నవాళ్లు: వేలం రసీదు భద్రపరుచుకుని, మర్యాదగా జవాబిచ్చి, మీ హక్కు మీద నిలబడండి. యూడీఆర్‌పీ వేస్తే తప్పకుండా జవాబు వేయండి.

ఇంకొకటి అందరికీ. ఆ డొమైన్‌కి ఏ ఐడీతో వచ్చిన మెయిల్ అయినా మీకు చేరేలా పెట్టుకుని ఉంటే వెంటనే ఆపేయండి. మావాడి ఇన్‌బాక్స్‌లో ఆ పెద్దాయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెయిల్ వచ్చి పడి ఉన్నాయి. వాటిని తెరవకుండా ఆయనకే పంపేశాం.

మావాడు ఒప్పందమే ఎంచుకున్నాడు. పాత రిజిస్ట్రార్ ద్వారా పేరు తిరిగి వెళ్లింది. పెద్దాయన మూడు నెలలు మెయిల్ ఫార్వర్డ్ చేశారు, అడిగిన వాక్యం రాసిచ్చారు. దాన్ని జతచేసి రాస్తే కొన్న చోటు నుంచి సగం డబ్బు తిరిగొచ్చింది, మిగతా సగం కోసం ఫిర్యాదు నడుస్తోంది. దసరా ముందు వారం వాళ్లింట్లో అందరూ కూర్చుని 600 సంచుల మీద పాత పేరు కనపడకుండా కొత్త స్టిక్కర్లు అంటించారు. ఆ కొత్త పేరుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు, అమ్మినావిడ మూడేళ్ల రెన్యూవల్ రసీదులు వీడియో కాల్‌లో చూపించమని మావాడే అడిగాడు.